పటం కట్టించే ముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. పేరున్న చిత్రకారుల బొమ్మల్ని ప్రింట్లుగా, ఫ్రేముతో సహా కొనుక్కోవడం ఎలా, ఏది చూసి కొనాలి, కొన్నాక ఎక్కడ పెట్టాలి అని. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కొన్నింటికి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, హాల్లో వాన్‌గో ‘స్టారీ నైట్’ పెట్టుకోవాలని మా ఇద్దరికీ ఎప్పటినుంచో కోరిక. ఆన్‌లైన్‌లో చూస్తే పోస్టర్ అని ఒకటి, ఆర్ట్ ప్రింట్ అని ఒకటి, జిక్లే అని ఒకటి, కాన్వాస్ అని ఇంకొకటి ఉన్నాయి. బొమ్మ ఒకటే, రేట్లు చూస్తే నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఏది కొనాలి?

వీటిలో ఏది కొన్నా మీ ఇంటికి వచ్చేది అసలు చిత్రాన్ని ఫోటో తీసి అచ్చు వేసిన కాపీయేనండీ. అసలుది న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. కాపీ కొనుక్కోవడంలో నామోషీ ఏమీ లేదు, రోజూ పొద్దున లేచి చూసుకునే భాగ్యం అసలుదాని దగ్గర ఎవరికి దొరుకుతుంది చెప్పండి. కాకపోతే కాపీల్లో మంచివీ చెడ్డవీ ఉంటాయి, ఆ తేడా మూడు చోట్ల తెలుస్తుంది: ఫోటో ఎంత బాగా తీశారు, ఏ ఇంకు వాడారు, ఏ కాగితం మీద వేశారు.

పోస్టర్లు సాధారణంగా పత్రికలు అచ్చువేసే ఆఫ్‌సెట్ పద్ధతిలోనే వేస్తారు. భూతద్దం పెట్టి చూడండి, నాలుగు రంగుల చుక్కలు చిన్న చిన్న పూలరేకుల్లా ఒక పద్ధతిగా పేర్చినట్టు కనిపిస్తాయి. జిక్లే అంటే మంచి ఇంక్‌జెట్ ప్రింటు. ఇందులో చుక్కలు సన్నని జల్లులా పడి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, భూతద్దంలో కూడా వరసలు దొరకవు. ఈ పేరు 1991లో జాక్ డుగాన్ అనే ప్రింటర్ పెట్టింది, ఫ్రెంచిలో ‘చిమ్మడం’ అనే అర్థం వచ్చే మాట నుంచి. పేరు వినడానికి ఘనంగా ఉంటుంది గానీ దానికి ఐఎస్ఐ మార్కు లాంటిదేమీ లేదు, ఎవరైనా ఏ ఇంక్‌జెట్ ప్రింటునైనా జిక్లే అని అమ్మేయవచ్చు. కాబట్టి పేరు చూసి డబ్బు పెట్టకండి.

అడగాల్సింది ఇది. ఇంకు పిగ్మెంటుదా, డైదా? పిగ్మెంటు ఇంకులో రంగు సన్నని పొడి రూపంలో ఉంటుంది, వెలుతురికి చాలా ఏళ్ళు తట్టుకుంటుంది. డై ఇంకు నీళ్ళలో కరిగిన రంగు, కొత్తలో మెరిసిపోతుంది, తొందరగా వెలిసిపోతుంది. కాగితం యాసిడ్ లేనిదా, ఎన్ని జీఎస్ఎం, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుంది? ఆఫీసులో జిరాక్సు తీసే కాగితం 70, 80 జీఎస్ఎం ఉంటుంది, మంచి ప్రింటు కాగితం కనీసం 200 ఉండాలి, నూలు కాగితమైతే 300 దాకా ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలకీ అమ్మేవాళ్ళు తడుముకోకుండా జవాబు చెబితే సగం నమ్మకం కుదిరినట్టే. “ప్రీమియం క్వాలిటీ మేడమ్” అని ఊరుకుంటే వదిలేయండి.

కాన్వాస్ గురించి నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉంటారు. వాన్‌గో రంగుని ముద్దలు ముద్దలుగా పూసేవాడు, ఆ గట్లు ఫోటోలో వెలుగునీడలుగా పడతాయి. దాన్ని మళ్ళీ గుడ్డ మీద అచ్చువేస్తే, అన్ని చోట్లా ఒకేలా ఉండే ఆ గుడ్డ నేత ఒకపక్క, ఫోటోలోని కుంచె గీతలు ఒకపక్క, రెండూ ఒకదాన్ని ఒకటి చెడగొట్టుకుంటాయి. అందుకని ‘స్టారీ నైట్’ మెరుపు లేని మంచి కాగితం మీద, చుట్టూ తెల్లటి మౌంట్‌తో, అంటే ఫ్రేముకీ బొమ్మకీ మధ్య వేసే అట్ట అంచుతో పెట్టుకోమంటాను. కాన్వాసే కావాలనుకుంటే మాత్రం బొమ్మ అంచులు చెక్క పక్కలకి మడిచిపెడతారేమో కనుక్కోండి. అలా మడిస్తే నాలుగు వైపులా మూడేసి సెంటీమీటర్ల బొమ్మ పక్కలకి పోతుంది.

ప్రశ్న: క్లిమ్ట్ ‘ది కిస్’ ఫ్రేముతో సహా ఆర్డర్ పెట్టాను. వచ్చిన బొమ్మలో పక్కలు తెగిపోయి ఉన్నాయి, బంగారు రంగు ఆవపిండిలా ఉంది. ఫిర్యాదు చేస్తే “అసలు బొమ్మ ఇంతే” అంటున్నారు. నిజమేనా?

ఒకటి నిజం కాదు, రెండోది సగం నిజం.

అసలు ‘ది కిస్’ నలుచదరంగా ఉంటుంది, 180 సెంటీమీటర్లకి 180. వియన్నాలో బెల్వెడేర్ మ్యూజియంలో ఉంది. ఆ జంట చుట్టూ రెండు పక్కలా బంగారు పొడి చల్లినట్టున్న ఖాళీ జాగా ఉంటుంది చూడండి, ఆ ఖాళీ వల్లే వాళ్ళు లోకంలో ఇంకెవరూ లేనట్టు కనిపిస్తారు. కానీ మార్కెట్లో దొరికే రెడీమేడ్ ఫ్రేములు ఎక్కువగా నిలువుగా ఉంటాయి, వాటిలో పట్టడానికి పక్కలు కోసేస్తారు. మీకు వచ్చింది అదే. ఇంతే అని వాళ్ళంటే ఒప్పుకోకండి. అసలు కొలతలు మ్యూజియం సైట్‌లోనే ఉంటాయి, ఆ పేజీ చూపించి తిప్పి పంపండి.

ఇక బంగారం సంగతి. క్లిమ్ట్ అందులో నిజంగానే బంగారు రేకు అతికించాడు. రేకు లోహం కాబట్టి మనం అటూ ఇటూ కదిలితే మెరుపు కూడా కదులుతుంది. ప్రింటులో ఉండేది పసుపు, గోధుమరంగు ఇంకుల కలయిక, అది ఎక్కడి నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. మంచి ప్రింటులో ఆ గోధుమరంగు ఛాయలు వెచ్చగా, లోతుగా వస్తాయి, చవకదాంట్లో మీరన్నట్టు ఆవపిండే. లోహపు మెరుపు రావాలంటే విడిగా రేకు అద్దించిన ప్రింట్లు ఉంటాయి గానీ అవి వేరే కథ. అందుకే బంగారం, వెండి వాడిన చిత్రాల్ని ప్రింటుగా కొనేటప్పుడు ఆశ కాస్త తగ్గించుకుని కొనాలి. నీటిరంగుల చిత్రాలూ, పెన్సిల్ గీతలూ, జపాన్ చెక్క అచ్చులూ మాత్రం ప్రింటులో చక్కగా వస్తాయి, ఎందుకంటే అవి మొదటినుంచీ కాగితం మీద పుట్టినవే.

రంగుల గురించి ఇంకో చిన్న మాట. ఒకే చిత్రం రెండు చోట్ల రెండు రంగుల్లో కనిపిస్తే ఒకటి దొంగదని అనుకోవద్దు. వాన్‌గో తన పడకగది చిత్రంలో గోడలు లేత ఊదారంగులో ఉన్నాయని 1888లో తమ్ముడికి ఉత్తరం రాశాడు. ఇప్పుడు ఆ చిత్రంలో గోడలు నీలంగా ఉన్నాయి. ఊదాలో కలిపిన ఎరుపు వెలిసిపోయి నీలం మిగిలింది. ప్రింటు ఏ రంగుల్లో ఉండాలంటే, ఇవాళ మ్యూజియం గోడ మీద ఎలా ఉందో అలా ఉండాలి. మ్యూజియం వాళ్ళ సొంత ఫోటోతో పోల్చుకుంటే చాలు. కొందరు అమ్మేవాళ్ళు కళ్ళు చెదరాలని రంగులు బాగా పెంచేస్తారు, ‘స్టారీ నైట్’లో నీలం ఇంకు బుడ్డిలా ఉంటే అదే జరిగిందని అర్థం.

ప్రశ్న: సోఫా పైన పెట్టడానికి ఒక ప్రింటు కొన్నాం. ఫోన్లో పెద్దగా కనిపించింది, గోడకి పెడితే తపాలా బిళ్ళలా ఉంది. సైజు ఎలా తేల్చుకోవాలి?

ఇంతకన్నా ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకోటి లేదు, బాధపడకండి. సైట్లలో చూపించే ఫోటోల్లో సోఫా మీద బొమ్మని కంప్యూటర్లో అతికిస్తారు, ఆ సైజుకీ మీకు వచ్చే సైజుకీ సంబంధం ఉండాలని రూలేం లేదు.

నేను చేసే పని చెబుతాను. పాత న్యూస్‌పేపర్లు అతికించి, కొనబోయే ఫ్రేము బయటి కొలతకి కత్తిరించి, గోడకి టేపుతో అంటిస్తాను. రెండు రోజులు అలా వదిలేస్తాను. టీ తాగుతూ చూస్తాను, వంటింట్లోంచి వస్తూ చూస్తాను, రాత్రి లైట్లో చూస్తాను. మొదటిరోజు మరీ పెద్దదైపోయిందే అనిపించిన కాగితం రెండో రోజుకి సరిపోయిందనిపిస్తుంది, దాదాపు ప్రతిసారీ ఇంతే. సోఫా పొడవులో మూడింట రెండు వంతుల వెడల్పు ఉంటే కంటికి ఇంపుగా ఉంటుంది. సోఫా వీపు పైనుంచి ఫ్రేము అడుగుకి 15 నుంచి 20 సెంటీమీటర్లు వదలండి. అంతకన్నా పైకి పోతే బొమ్మ గాల్లో తేలిపోతుంది. కింద సామానేమీ లేని గోడైతే బొమ్మ నడిమధ్య నేలనుంచి 145, 150 సెంటీమీటర్ల ఎత్తులో రావాలి, నిలబడి చూసేవాళ్ళ కంటికి ఎదురుగా ఉంటుంది. మనవాళ్ళు పటాల్ని తలుపు పైకి ఎక్కించేస్తారు, మెడ నొప్పి పెట్టుకుని ఎవరు చూస్తారండీ.

కొనేముందు అసలు చిత్రం సైజు కూడా తెలుసుకోండి, అది చాలా నేర్పుతుంది. ‘స్టారీ నైట్’ దాదాపు 74 సెంటీమీటర్లకి 92, మామూలు ఇంటి గోడకి అసలు సైజులోనే పెట్టుకోవచ్చు. డాలీ కరిగిపోయే గడియారాల చిత్రం 24కి 33 మాత్రమే, ఒక నోటుబుక్కు అంత. దాన్ని రెండు మీటర్లకి సాగదీసి అమ్మేవాళ్ళున్నారు, దగ్గరికి వెళ్ళి తలవంచి చూడాలని గీసిన బొమ్మని హోర్డింగు చేస్తే అందులో ఆ రహస్యం మిగలదు. పికాసో ‘గెర్నికా’ ఇంకోవైపు, ఏడున్నర మీటర్లకి పైగా వెడల్పు. దాన్ని ఏ4 సైజులో పెట్టుకుంటే ఆ బొమ్మలో నోరు తెరిచిన గుర్రం అరుపు వినపడదు. ఇది నా పట్టుదల అనుకోండి, వీలైనంతవరకు అసలు సైజుకి దగ్గరగా కొనుక్కోగలిగే చిత్రాన్నే ఎంచుకుంటాను.

మీరు కొన్న చిన్న ప్రింటుని పారేయకండి. వెడల్పాటి మౌంట్ వేయించి పెద్ద ఫ్రేములో కట్టించండి, ఏడెనిమిది సెంటీమీటర్ల తెల్లటి జాగా చుట్టూ వదిలితే అదే బొమ్మకి గౌరవం వస్తుంది. లేదంటే సోఫా పైనుంచి తీసి, కుర్చీ పక్కనో, రాసుకునే బల్ల దగ్గరో, దగ్గరగా చూసే చోట పెట్టండి.

ప్రశ్న: ‘లిమిటెడ్ ఎడిషన్, 43/500’ అని పెన్సిల్‌తో రాసి, సర్టిఫికెట్‌తో ఒక ప్రింటు అమ్ముతున్నారు. మోనే చిత్రం. ముందు ముందు విలువ పెరుగుతుందంటున్నారు.

కొనకండి. మోనే 1926లో చనిపోయాడు, ఆ నంబరు ఆయన రాసింది కాదు. చిత్రకారుడు బతికుండగా తన చేత్తో రాయినో, చెక్కనో, రాగిరేకునో సిద్ధం చేసి, తను చూసి, తను సంతకం పెట్టిన ముద్రణలకి ఆ నంబర్లు విలువనిస్తాయి. కంప్యూటర్లోంచి తీసిన కాపీకి ఐదొందల్లో నలభై మూడోది అని రాస్తే, రేపు ఇంకో కంపెనీ అదే బొమ్మని ఐదు వేలు వేయకుండా ఎవరాపుతారు? నచ్చితే మామూలు ప్రింటు రేటుకి కొనుక్కోండి, ఆస్తి అనుకుని కొనకండి.

ప్రశ్న: మ్యూజియంల సైట్ల నుంచి బొమ్మలు డౌన్‌లోడ్ చేసుకుని మనమే ప్రింటు వేయించుకోవచ్చా? తప్పవుతుందా? మా అబ్బాయి వాట్సాప్‌లో పంపిన బొమ్మ వేయిస్తే మసకగా వచ్చింది.

హాయిగా వేయించుకోవచ్చు, తప్పేమీ లేదు, మ్యూజియంలే అలా ఇస్తున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం 2012 నుంచి, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ షికాగో 2018 నుంచి కాపీరైట్ తీరిపోయిన వేలాది చిత్రాల పెద్ద ఫైళ్ళు ఉచితంగా పెట్టాయి. కాపీరైట్ ఎప్పుడు తీరుతుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది, చాలాచోట్ల చిత్రకారుడు పోయాక 70 ఏళ్ళు, కొన్నిచోట్ల 60. వాన్‌గో, మోనే, క్లిమ్ట్, హొకుసాయ్ లాంటివాళ్ళతో చిక్కు లేదు. 1973లో పోయిన పికాసోతో ఉంది.

వాట్సాప్ బొమ్మతో టెన్షన్ పడటం అనవసరం, అది పంపేటప్పుడే కుదించుకుపోయి వస్తుంది. లెక్క సులువు. చేతిలో పట్టుకుని చూసేంత ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్ళు కావాలి, ఏ3 సైజుకి సుమారు 3500కి 5000. రెండు మూడు అడుగుల దూరం నుంచి చూసే పెద్ద బొమ్మకి అంగుళానికి 150, 200 ఉన్నా సరిపోతుంది. ఫైలు చిన్నదైతే కంప్యూటర్లో సాగదీసి పెద్దది చేయించకండి, లేని గీతల్ని అది పుట్టించలేదు.

మొదటిసారి చేస్తున్నారు కాబట్టి జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన ‘పెద్ద అల’ బొమ్మతో మొదలుపెట్టమంటాను. అసలుదే చెక్క అచ్చు, 1831 ప్రాంతంలో వేసింది, సుమారు 26కి 38 సెంటీమీటర్లు. అంటే ఏ3 కాగితం మీద అచ్చంగా అసలు సైజులో వేసుకోవచ్చు, చుట్టూ కాస్త అంచు కూడా మిగులుతుంది. మెరుపు లేని కాగితం అడగండి. ప్రింటు చేతికొచ్చాక అల చివర గోళ్ళలా వంగిన నురగనీ, దాని కింద పడవల్లో వంగి కూర్చున్న మనుషుల్నీ, వెనక చిన్న గుట్టలా కనిపించే ఫూజీ కొండనీ దగ్గరగా చూడండి. ఆ గీతలు తెగకుండా వస్తే మీకు ప్రింటు వేసినవాళ్ళు పనిమంతులే.

ప్రశ్న: బాల్కనీ ఎదురు గోడకి మధ్యాహ్నం రెండు గంటలు ఎండ పడుతుంది. అక్కడే పెట్టాలని ఉంది. అద్దం వేయిస్తే చాలా?

చాలదండీ. అల్ట్రావయొలెట్‌ని 99 శాతం దాకా ఆపే అద్దాలు ఉన్నాయి, మంచివే, కానీ మామూలు వెలుతురు కూడా రంగుని మెల్లగా తినేస్తుంది. నేరుగా ఎండ పడే గోడకి ప్రింటు పెట్టవద్దు, పక్క గోడకి మార్చండి. ఏ అద్దం వేయించినా బొమ్మ నేరుగా దానికి అంటుకోకూడదు. గాలిలో చెమ్మ ఎక్కువైనప్పుడు కాగితం అద్దానికి అతుక్కుపోతుంది, తర్వాత లాగితే రంగు అద్దంతో పాటే వస్తుంది. మధ్యలో మౌంట్ ఉంటే ఆ ఖాళీ దొరుకుతుంది. ఇక పెద్ద సైజులకి అద్దం బరువు, అద్దంలా కనిపించే ప్లాస్టిక్ పలక యాక్రిలిక్ తేలిక, అంత సులువుగా పగలదు, కాకపోతే గీతలు పడతాయి కాబట్టి మెత్తటి గుడ్డతోనే తుడవాలి.

ప్రశ్న: మా అమ్మమ్మ గారి నుంచి వచ్చిన రవివర్మ సరస్వతి పటం ఉంది. బొమ్మ అంచు చుట్టూ గోధుమరంగు గీత పడింది, వెనక అట్ట పొడిపొడిగా రాలుతోంది. కొత్త ఫ్రేము కట్టిద్దామంటే భయంగా ఉంది. దీన్ని కూడా మామూలు ప్రింటు అనే అనుకోవాలా?

ఇది ప్రింటే, కానీ మామూలు ప్రింటు కాదు. రవివర్మ తన చిత్రాల్ని అందరి ఇళ్ళకీ చేర్చాలని 1894లో బొంబాయిలో సొంత ప్రెస్సు పెట్టాడు. ఒక్కో రంగుకి ఒక్కో రాయి చొప్పున వాడి, ఒకదాని మీద ఒకటి అచ్చువేసి, తైలవర్ణ చిత్రంలా కనిపించేలా పైన వార్నిష్ పూసేవాళ్ళు. ఓలియోగ్రాఫ్ అంటారు. మీ దగ్గరున్నది ఆ ప్రెస్సుదో, తర్వాత ఇంకెవరైనా వేసిన కాపీనో తెలియాలంటే బొమ్మ కింద అంచు చూడాలి, పేరూ ప్రెస్సు వివరాలూ అక్కడే సన్నగా అచ్చేసి ఉండేవి. పాతకాలంలో ఫ్రేములో పట్టడానికి చాలామంది ఆ అంచునే కత్తిరించేశారు, లేదా మౌంట్ కింద దాచేశారు. అందుకని ఫ్రేము కట్టేవాళ్ళకి ఇచ్చే ముందే చెప్పండి, ఒక్క మిల్లీమీటరు కూడా కత్తిరించవద్దని. మాటతో సరిపెట్టకుండా కాగితం మీద రాసివ్వండి.

ఆ గోధుమ గీత మౌంట్ అట్టలోని యాసిడ్ చేసిన పని. అట్ట కోసిన అంచు బొమ్మని ఎక్కడ తాకుతుందో సరిగ్గా అక్కడే కాలినట్టు మరక పడుతుంది. అది పోదు, కానీ ఇంకా ముదరకుండా ఆపవచ్చు. పాత అట్టా మౌంటూ రెండూ తీయించేసి యాసిడ్ లేనివి వేయించండి. బొమ్మని అట్టకి జిగురుతో పూర్తిగా అంటించనివ్వకండి, సెల్లోటేపు అసలే వద్దు, అది పసుపుపచ్చగా మారి కాగితంలోకి ఇంకిపోతుంది. పైన రెండు చోట్ల పల్చటి జపాన్ కాగితం ముక్కలు, గోధుమ గంజి జిగురుతో పెట్టి వేలాడదీస్తే చాలు, రేపు ఎవరైనా నీటితో విప్పుకోవచ్చు. తడి గుడ్డతో తుడవడం, వార్నిష్ మీద నూనె రాయడం లాంటివి మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు.

ఇంకో సంగతి. అలాంటి పటాల్లో కొన్నింటికి ఇళ్ళలోనే జరీ ముక్కలు, గుడ్డ, తళుకులు అతికించి చీర కట్టినట్టు అలంకరించేవాళ్ళు. మీ సరస్వతికి అలా ఏమైనా ఉంటే అద్దం దానిని నొక్కకుండా లోతైన ఫ్రేము అడగండి. పాత ఫ్రేము చెక్క గట్టిగా ఉంటే అదే ఉంచి లోపలివి మాత్రం మార్పించవచ్చు. విప్పేటప్పుడు దగ్గరుండండి, వెనక అట్ట తీయగానే పాత కాగితాలూ, ఎవరో రాసిపెట్టిన తారీఖులూ దొరకవచ్చు, అవి చెత్తబుట్టలోకి పోకుండా ఒక కవరులో పెట్టి కొత్త ఫ్రేము వెనకే అంటించేయండి.